నీళ్ళలో ఉన్న బొప్పాయి ఎందుకు వాడింది?

నెల్లూరు,
ధనుర్మాసం.

చిరంజీవులైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. "బొప్పాయి చెట్టు నీళ్ళలోనే ఉంది కదా తాతా, మరి దాహమేసినట్టు ఎందుకు వాడిపోయింది?" అని చిన్నది ఫోన్‌లో అడిగింది. రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే ప్రశ్న కాదది. సంక్రాంతి లోపల పెరడు బాగుచేసుకోవాలని మీరందరూ అనుకుంటున్నట్టు మీ అమ్మ చెప్పింది. బొప్పాయి ఎందుకు వాడిందో తెలిస్తే పెరటి పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

రేపు పొద్దున అవ్వ ఇడ్లీ పెట్టినప్పుడు తినేముందు ఒకటి విరిచి చూడండి. లోపలంతా చిన్న చిన్న గుల్లలుంటాయి. మంచి నేల కూడా అంతే, దాదాపు సగం మట్టి, సగం ఖాళీ. ఆ ఖాళీల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. ఇడ్లీ మీద గరిటెడు సాంబారు పోస్తే పీల్చుకుని రుచిగా ఉంటుంది. గిన్నె నిండా సాంబారు పోసి గంటసేపు ముంచి ఉంచితే ప్రతి గుల్లా నిండిపోయి, ముట్టుకుంటే విడిపోతుంది. వాన తరవాత మన పెరట్లో జరిగింది ఇదే. ఆకులే కాదు, వేళ్ళు కూడా ఊపిరి తీసుకుంటాయి. ప్రాణవాయువు నీళ్ళలోంచి వేరుదాకా చేరడం గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు నెమ్మది. గాలి అందని వేరు పని ఆపేస్తుంది, నీళ్ళను పైకి పంపలేకపోతుంది. అందుకే చుట్టూ నీళ్ళున్నా ఆకు వేలాడిపోతుంది. ఆ నీరసించిన వేళ్ళకు కుళ్ళు తెగులు అంటుకుంటే ఇక చెట్టు లేవదు. బొప్పాయి మరీ సుకుమారం, చెట్టు మొదలు దగ్గర రెండు రోజులు నీళ్ళు నిలిస్తే చాలు, పోతుంది. మునగ, కరివేపాకు, నిమ్మ కూడా నిలవనీటిని ఓర్చుకోవు. చేమ, మెట్టతామర, వట్టివేరు మాత్రం తడిలో హాయిగా పెరుగుతాయి.

ఇడ్లీ గుల్లగా రావాలంటే పిండి పులవాలి కదా. పిండిలో సూక్ష్మజీవులు గాలి పుట్టించి పొంగిస్తాయి. నేలను గుల్ల చేసే పని వానపాములది, వేళ్ళది, చివికిన పశువుల ఎరువుది. ఎరువు చూడని బంకమట్టి పులవని పిండితో వండిన ఇడ్లీ లాంటిది, గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది. ఒంగోలు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఈ బాధ ఎక్కువ. తీరం వెంట ఇసుక నేలల్లో గుల్లలు మరీ పెద్దవి, పోసిన నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. రెండింటికీ మందు ఎరువే. బంకమట్టిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అరకొరగా కలిపిన ఇసుకతో అది ఎండాక ఇంకా గట్టిపడుతుంది. ఇంకొకటి, వేడివేడి ఇడ్లీని అరచేత్తో అదిమితే గుల్లలన్నీ మూసుకుపోతాయి. తడినేల మీద నడిచినా, బండి నిలిపినా అంతే. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి వేలితో పొడవండి. పొడిపొడిగా రాలితే తవ్వకానికి నేల సిద్ధం. సొట్టపడి జిగురుగా ఉంటే ఇంకో రెండు మూడు రోజులు ఆగండి.

ఇడ్లీ కింద పళ్ళెం ఉంటుంది, సాంబారు ఎటూ పోయే వీలుండదు. మన నేల కింద పళ్ళెం ఉందా, దారి ఉందా? తవ్వి చూస్తేనే తెలుస్తుంది. అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకిపోయాక మళ్ళీ నింపండి. మొదటిసారి పోసిన నీళ్ళు చుట్టుపక్కల మట్టిని తడపడానికే సరిపోతాయి, కొలత రెండోసారి నుంచే తీసుకోవాలి. స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి. అంగుళం నుంచి మూడు అంగుళాలు దిగితే దిగులు లేదు. అరంగుళం కూడా దిగకపోతే అక్కడ చెట్టు నాటడం దాన్ని చంపుకోవడమే. రెండు మూడు చోట్ల తవ్వండి, ఒకే పెరట్లో ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా ఉంటుంది.

ఈ పనికి ఇంతకంటే మంచి కాలం మనకు లేదు. మంచు కురిసే దేశాల్లో చలికాలమంటే తోటపని ఆగిపోయే కాలం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, ఆ వెంటనే చల్లటి రోజులొస్తాయి. నేల ఇంకా మెత్తగా ఉంటుంది, ఎండ మొక్కను మాడ్చదు. ఫిబ్రవరి దాటితే ఎర్రనేలలో గడ్డపార దిగదు. పైగా ఎక్కడ నీళ్ళు నిలిచాయో గోడల మీద మరకలు, నేలమీద పాచి ఇప్పుడైతే స్పష్టంగా కనిపిస్తాయి. అవి చెరిగిపోకముందే కాగితం మీద పెరటి బొమ్మ గీసి గుర్తులు పెట్టుకోండి.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క అంగుళం వాన కురిస్తే సుమారు 2,360 లీటర్లు. ఆ నీళ్ళన్నీ ఒకే గొట్టంలోంచి గోడ మొదట్లో పడుతుంటే పునాది నానక ఏంచేస్తుంది? ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి పది అడుగులకూ రెండున్నర అంగుళాల వాలు ఉండాలి. కంటితో చూసి వాలు చెప్పలేం. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకోండి, పారదర్శకంగా ఉండే సన్నని గొట్టం. నీళ్ళు నింపేటప్పుడు లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు, బుడగ ఉంటే కొలత తప్పుతుంది. ఒక కొస గోడ దగ్గర, ఇంకో కొస పది అడుగుల దూరంలో ఎత్తి పట్టుకుంటే రెండువైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నుంచి నేలదాకా రెండుచోట్లా టేపుతో కొలవండి. దూరంగా ఉన్నచోట కొలత రెండున్నర అంగుళాలు ఎక్కువ రావాలి. రాకపోతే గోడ దగ్గర మట్టి పోసి దిమ్మిస కొట్టించాలి. అలా పోసిన మట్టి గోడకున్న తేమ పట్టీకి (చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొర) కనీసం ఆరంగుళాలు కిందే ఆగాలి, లేకపోతే చెమ్మ గోడలోకి ఎక్కుతుంది.

వాలు పెట్టాం సరే, నీళ్ళు ఎటు పోవాలి? పక్కింటివాళ్ళ గోడవైపు మాత్రం కాదు. మన నీళ్ళు మన నేలలోనే ఇంకాలి. మా చిన్నతనంలో ఏ ఇంట్లో చూసినా బావి చప్టా దగ్గర నుంచి ఒక చిన్న కాలువ అరటి పాదుల్లోకి వెళ్ళేది, అరటి దాటాక మిగిలిన తడిలో చేమ ఉండేది. ఆ చివర ఎప్పుడూ బురదే, అయినా కుళ్ళు వాసన వచ్చేది కాదు. నీళ్ళు ఎక్కువ తాగే మొక్కను నీళ్ళు పోయేచోట పెట్టడమే అందులోని తెలివి. మీరూ పల్లంలో అరటి, చేమ, మెట్టతామర పెట్టండి. చాలకపోతే ఇంకుడుగుంత తవ్వించండి. పునాదికి పది అడుగుల దూరంలో మూడు అడుగుల పొడవు, వెడల్పు, నాలుగు అడుగుల లోతు. అడుగున పిడికిలంత రాళ్ళు, ఆపైన కంకర, ఆపైన ముతక ఇసుక. చీమకుర్తి వైపు గ్రానైట్ ముక్కలు దొరికితే అడుగు పొరకు బాగుంటాయి. పైనున్న ఇసుక పొరను ఏటా వానలకు ముందు తీసి కడగాలి, కడగకపోతే ఒండ్రు పట్టి గుంత పనిచేయదు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో వానాకాలం మూడు నాలుగు అడుగుల్లోనే నీరు పడుతుంది. అక్కడ ఇంకుడుగుంత తవ్వి లాభం లేదు, నేలను ఎత్తు చేసుకోవడమే దారి.

ఎత్తు మడి అంటే ఏమీ లేదు, ఇటుకలతోనో రాళ్ళతోనో అడుగు ఎత్తు గట్టు కట్టి లోపల మట్టి నింపడమే. వెడల్పు మూడు అడుగులకు మించనివ్వకండి. మీ చేతులు రెండువైపుల నుంచీ మధ్యకు అందాలి, లోపల కాలు పెట్టకూడదు (అదిమిన ఇడ్లీ గుర్తుంది కదా). రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట బాగా చివికిన ఎరువు, ఒక తట్ట ఇసుక చొప్పున కలపండి. ఎర్రమట్టికి ఈ పాళ్ళు సరిపోతాయి, నల్లమట్టే ఉంటే ఇసుక మానేసి ఎరువు రెట్టింపు చేయండి. ఎరువు నల్లగా, పొడిగా, వాన మట్టి వాసనతో ఉండాలి. పచ్చిపేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలు కూడా వస్తాయి. గట్టు అడుగున రెండేసి అడుగులకొక కన్నం వదలడం మరవద్దు. కన్నం వదలకుండా సిమెంటుతో మూసేస్తే మళ్ళీ పళ్ళెంలో ఇడ్లీయే.

నడవడానికి బాట కావాలంటే కడప బండలు చాలు. నునుపు చేసినవి వద్దు, తడిసినప్పుడు అవ్వ జారిపడుతుంది. గరుకువైపు పైకి పెట్టండి. బాట పొడవునా ఐదారు అంగుళాలు తవ్వి, మూడు అంగుళాల గ్రావెల్ పోసి నీళ్ళు చల్లుతూ దిమ్మిస కొట్టి, పైన అంగుళం ఇసుక పరిచి, దానిమీద బండ కూర్చోబెట్టాలి. ఒక మూల తొక్కితే ఇంకో మూల లేవకూడదు. వదులు మట్టిమీద నేరుగా పరిచిన బండలు మళ్ళీ వానాకాలానికి తలోవైపు కుంగుతాయి. పెరడంతా సిమెంటు చేయించేద్దామని మీ నాన్న అంటే ఒప్పుకోవద్దు. ఒకవైపు నీళ్ళు ఇంకవు, మరోవైపు మే నెలలో ఆ వేడి రాత్రిదాకా ఇంట్లోకి కొడుతుంది.

మొక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. బంతి గింజ ఇప్పుడు చల్లితే సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు రావు. గింజ నుంచి పువ్వుకు రెండు నెలలు పైనే పడుతుంది. పండక్కి కావాలంటే మొగ్గ తొడిగిన నారు కొని అడుగు దూరంలో నాటండి. గింజ కూడా చల్లి పెట్టుకోండి, ఆ పూలు శివరాత్రి వేళకు అందుతాయి. నాటిన మూడు వారాలకు బంతి తల తుంచితే పక్క కొమ్మలొచ్చి గుబురవుతుంది. మల్లె పొదలకు వానలు ఆగగానే నీళ్ళు తగ్గించి, మోకాలెత్తున కత్తిరించండి. ఆకులు దూసి, మొదట్లో ఎరువు వేసి, చిగురు కనిపించాక నీళ్ళు పెంచితే మార్చికల్లా మొగ్గలొస్తాయి. మంచు పడే రోజుల్లో సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లకండి, ఆకుమచ్చ తెగులు వస్తుంది. పొద్దున్నే మొదట్లో పోయండి, అదీ వేలు రెండు అంగుళాలు లోపలికి దూర్చితే పొడిగా తగిలినప్పుడే. రాలిన ఆకులు తగలబెట్టకండి. వాటిని మొక్కల చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే తడి నిలుస్తుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్నచోట నేలమీద తెల్లగా పేరుకునే ఉప్పు కూడా తగ్గుతుంది. కాండాన్ని మాత్రం మూడు వేళ్ళ ఎడంగా వదలండి. కొబ్బరి చిప్పలు, కుండీల కింది పళ్ళేలు వారానికోసారి బోర్లించండి, దోమ గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. రాళ్ళ కుప్పల్లో చెయ్యి పెట్టవద్దు, ముందు పెద్దవాళ్ళు కర్రతో కదిపి చూడాలి.

ఇక మీరు అడిగిన కూర్చునే చోటు. బల్ల ఎక్కడ వేయాలో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, ఎండనే అడగాలి. ఇప్పుడు సూర్యుడు దక్షిణంగా వాలి ఉన్నాడు. నెల్లూరులో డిసెంబరు 21న మధ్యాహ్నం పది అడుగుల గోడకు ఉత్తరాన దాదాపు ఎనిమిది అడుగుల నీడ పడుతుంది. అంటే ఇంటికి ఉత్తరాన వేసిన బల్ల ఈ నెలంతా చల్లగా, పాచిపట్టి ఉంటుంది. దక్షిణాన వేస్తే పొద్దుటి ఎండ హాయిగా తగులుతుంది, కానీ ఏప్రిల్లో అక్కడ కూర్చోలేం. అందుకని బల్లమీదికి ఏడడుగుల ఎత్తున పందిరి వేయించండి. సరుగుడు గుంజలు ఆరడుగులకొకటి, రెండడుగులు భూమిలోకి పాతాలి. పాతే కొసకు తారు పూయకపోతే చెదలు తినేస్తాయి. జనవరి చివర సొర, బీర గింజలు పెడితే ఎండలు ముదిరేసరికి పందిరి కమ్ముతుంది, చలిలో మాత్రం ఖాళీగా ఉండి ఎండను రానిస్తుంది.

ముందు ఒక పని చేయండి. పెరటి మధ్య నేలమీద మూడడుగులు నిలిచేలా ఒక పుల్ల నిటారుగా పాతండి. డిసెంబరు 21న, పన్నెండు దాటాక పది నిమిషాలప్పుడు, నీడ కొసన రాయి పెట్టి కొలవండి. సుమారు 28 అంగుళాలుంటుంది. సంక్రాంతి మర్నాడు పన్నెండుంపావు దాటాక మళ్ళీ కొలవండి, రెండంగుళాలు తగ్గి ఉంటుంది. ఏప్రిల్ చివరికి మధ్యాహ్నం నీడ పుల్ల మొదట్లోనే దాక్కుంటుంది. ఆ తరవాత ఆగస్టు మధ్యదాకా నీడ దక్షిణానికి పడుతుంది! ఇంత పెద్ద ఆకాశం కదలిక మన పెరట్లో ఒక పుల్ల దగ్గర కనిపిస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎందుకలా అని ఇప్పుడు చెప్పను. ముందు చూడండి, కొలతలు పెరటి బొమ్మ మీదే రాయండి. గుంతలో నీళ్ళు గంటకు ఎంత దిగాయో, నీడ ఎంత ఉందో ఆ కాగితం నాకు పంపితే బల్ల ఎక్కడో, బొప్పాయి మళ్ళీ ఎక్కడ నాటాలో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ తాత