కయోటీ అడుగు ఎక్కడ పడుతుంది?

అరోరా, షికాగో దగ్గర
జనవరి 18

చిన్నీ, బాబూ,

మొన్న వీడియో కాల్‌లో "తాతయ్యా, అక్కడి నక్కల్ని ఎలా పడతారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ మిమ్మల్ని అన్నానికి లాక్కుపోయింది. ఇవాళ ఇక్కడ మైనస్ పన్నెండు డిగ్రీలు. గడప దాటే పని లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. దాన్ని కయోటీ అంటారు. మన నక్కకి దాయాది అనుకోండి, కాస్త ఒడ్డూ పొడుగూ ఎక్కువ. చలికాలంలో బొచ్చు దట్టంగా పెరిగి తోడేలంత కనిపిస్తుంది గానీ, షికాగో చుట్టుపక్కల తిరిగేవాటిలో చాలావరకు పదిహేను కిలోల లోపే తూగుతాయి. ఆ బొచ్చు కోసమే వేటగాళ్లు వాటిని చలికాలంలో పడతారు. ఎండాకాలపు తోలుకి ధర పలకదు.

పోయిన ఆదివారం మా పెరటి వెనక మంచులో దాని అడుగులు చూశాను. దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ముందుకాలు పడిన గుంటలోనే వెనకకాలూ వేస్తుంది. పక్కింటి కుక్క అడుగులు చూస్తే అటో నాలుగు, ఇటో నాలుగు. దానికేం, ఇంటికెళ్తే గిన్నెలో తిండి ఉంటుంది. కయోటీ ఒంట్లో ఉన్న కాస్త బలాన్నీ పొదుపు చేసుకోవాలి. లోతు మంచులో ప్రతి అడుగుకీ కొత్త గుంట తవ్వుకుంటూ పోతే దాని పని అయిపోయినట్టే.

ఆ వరస పట్టుకుని నేనూ బయల్దేరాను. (మధ్యలో జారి పడ్డాను. మీ అత్తకి చెప్పకండి, ఇప్పటికే చీవాట్లు తిన్నాను.) అది బయలు మధ్యలోంచి పోలేదు. మంచు ఊడ్చిన కాలిబాట మీద కొంత దూరం, తర్వాత గడ్డకట్టిన వాగు మీద, ఆ తర్వాత రెల్లుపొద అంచునే సాగింది. ఒకచోట వరస ఠక్కున ఆగిపోయింది. రెండు గజాల అవతల మంచులో పెద్ద గుంట. మంచు కింద చిట్టెలుక కదిలిన చప్పుడు విని, ఎగిరి ముక్కుతో దూకిందన్నమాట. బాట మలుపులో మంచు పచ్చగా ఉంది. అది ఉచ్చ పోసిన గుర్తు. జనవరి, ఫిబ్రవరి జతకట్టే కాలం. "ఇది మా ఇలాకా" అని ఈ రోజుల్లో మరీ గట్టిగా చాటుకుంటాయి.

ఇక మీ ప్రశ్న. మా వీధిలో ఒక ముసలాయన ఉన్నాడు. అయోవా రాష్ట్రంలో పశువుల మధ్య పెరిగినవాడు, కుర్రతనంలో గొర్రెపిల్లల్ని కాపాడుకోడానికి ఉచ్చులు పెట్టేవాడట. ఆయన తన పాత ఇనప ఉచ్చు తెచ్చి చూపించాడు. మధ్యలో అగ్గిపెట్టెంత పలక. కయోటీ పాదం దాని మీద పడితేనే ఉచ్చుకున్న ఇనప దవడలు మూసుకుని కాలు పట్టేస్తాయి. అన్ని మైళ్ల నేలలో దాని కాలు ఆ అగ్గిపెట్టె మీద ఎందుకు పడాలి? కష్టమంతా అక్కడే ఉంది.

ఆయన చెప్పింది ఇదీ: రెండు దారులు కలిసేచోటు వెతకాలి. నేలలో ఏటవాలుగా చిన్న బొరియ తవ్వి అడుగున ఎర పెట్టాలి. ఏదో జంతువు తిండి దాచుకుందని కయోటీ అనుకోవాలి. ఉచ్చు బొరియ ముందు మట్టిలో దాగి ఉంటుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోకపోతే అంతా వృథా, ఎందుకంటే అది వాసనకి ఎదురుగా నడిచొస్తుంది. మనిషి చేతి వాసన తగిలినా దగ్గరికి రాదు. అందుకే ఉచ్చుని మరిగే నీళ్లలో ఉడికించి, మైనం పట్టించి, గ్లవ్స్‌తో ముట్టుకుంటారు. చలికాలంలో ఇంకో చిక్కు. తడిమట్టి రాత్రికి రాయిలా బిగుసుకుని ఉచ్చుని కదలనివ్వదు. అందుకని ముందే పొడిమట్టి జల్లించి కొట్టంలో దాచుకునేవాళ్లు. రోజూ పొద్దున్నే వెళ్లి చూసొచ్చేవాడట.

ఆ ఇనుము చేతిలోకి తీసుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆయన్ని తప్పుపట్టను, ఆ గొర్రెలే వాళ్ల అన్నం.

ఇదే విద్యని ఇంకో పనికీ వాడతారు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) స్టాన్లీ గెర్ట్ అనే శాస్త్రవేత్త బృందం 2000 నుంచీ కయోటీల్ని పట్టి, మత్తిచ్చి, తూచి, ఎక్కడ తిరుగుతోందో తెలిపే రేడియో పట్టీ మెడకి కట్టి వదిలేస్తోంది. జంటగా స్థిరపడినవి సగటున అయిదు చదరపు కిలోమీటర్లలోనే బతుకుతున్నాయనీ, ఒంటరివి పాతిక దాటి తిరుగుతున్నాయనీ అలాగే తెలిసింది. రైలుపట్టాలే వాటికి రాజమార్గాలు. ఊళ్లో అయితే తిరగడం ఎక్కువగా రాత్రిపూటే. అన్నీ అంత జాగ్రత్తపరులు కావులెండి! 2007 ఏప్రిల్‌లో ఒకటి నగరం నడిబొడ్డున పట్టపగలు శాండ్‌విచ్ కొట్లోకి నడిచొచ్చి, కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఎక్కి కూర్చుంది.

"పట్టేస్తే అయిపోతాయి కదా" అన్నాడు బాబు. అవవు నాన్నా. ఒక జంట పోతే ఆ చోటు ఎక్కువకాలం ఖాళీగా ఉండదు. పుట్టినచోటు వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ చాలా పిల్లలు బయల్దేరేది శరదృతువులో, చలికాలంలోనే. వందేళ్లకు పైగా తుపాకులు, విషాలు, ఉచ్చులు అన్నీ వాడారు. ఒకప్పుడు పడమటి మైదానాల్లో ఉండే జంతువు ఈలోగా హవాయి తప్ప అమెరికా అంతా పాకింది.

మీకు మంచు లేకపోయినా నాగావళి ఇసుక ఉంది. పొద్దున్నే, మనుషులు నడవకముందు, నాన్నని తోడు తీసుకుని ఒడ్డుకి వెళ్లండి. వరసగా ఒకే గీతలో అడుగులు కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి పంపండి. నక్క తోక తొక్కక్కర్లేదు, అడుగు దొరికితే చాలు.

మీ తాతయ్య