కోకో కాయ నుంచి చాక్లెట్ బిళ్ల దాకా: ట్రినిడాడ్, గ్రెనడా కోకో మీద అపోహలు – వాస్తవాలు

వెనెజులా తీరానికి కూతవేటు దూరంలో ట్రినిడాడ్, దానికి ఉత్తరంగా గ్రెనడా. ప్రపంచంలో పండే కోకోలో ఈ రెండు ద్వీపాల వాటా లెక్కలోకి రానంత తక్కువ. అయినా మేలురకం చాక్లెట్ చేసేవాళ్లు ఇక్కడి గింజకు ఎక్కువ ధర పెట్టి కొంటారు. ఎందుకని అడిగితే విత్తనం అని కొందరు, మట్టి అని కొందరు, యంత్రం అని ఇంకొందరు చెబుతారు. తోటలోనూ తయారీలోనూ చేతులు పెట్టినవాళ్లు చెప్పేది మాత్రం ఒకటే: కాయ పగలగొట్టినప్పటి నుంచి గింజ ఎండేదాకా గడిచే రెండు వారాల్లోనే రుచి నిలిచేదైనా, పోయేదైనా. అక్కడ చెడిన గింజను ఏ యంత్రమూ బాగుచేయలేదు. అందుకే ఆ రెండు వారాలకే ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాం.

అపోహ: క్రియోల్లో అనే కోకో రకమైతేనే మంచి చాక్లెట్, మిగతావన్నీ నాసిరకం.

దీనికి ట్రినిడాడ్ చరిత్రే జవాబు. స్పెయిన్ పాలనలో నాటిన క్రియోల్లో తోటలు 1727లో ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత ఓ ముప్పై ఏళ్లకు దక్షిణ అమెరికా నుంచి మొండి రకమైన ఫోరాస్టెరో తెచ్చి నాటారు. అక్కడక్కడా బతికి ఉన్న పాత చెట్లతో అది సంకరమై పుట్టిందే ట్రినిటారియో, ద్వీపం పేరే దానికి పేరు. 1930లలో పరిశోధకుడు ఎఫ్.జె. పౌండ్ ద్వీపమంతా గాలించి ఎంపిక చేసిన వంద చెట్ల నుంచి వచ్చినవే ఐసీఎస్ (ఇంపీరియల్ కాలేజ్ సెలెక్షన్స్) క్లోన్లు, అంటే తల్లిచెట్టు లక్షణాలు అచ్చంగా ఉండే మొక్కలు. అవి ఇప్పుడు చాలా దేశాల తోటల్లో ఉన్నాయి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం కోకో పరిశోధన కేంద్రం కాపాడుతున్న జన్యు తోటలో రెండు వేలకు పైగా రకాలున్నాయి.

రకం ముఖ్యమే, కానీ అది చేయగలిగేది సగం పనే. క్రియోల్లో గింజకు రెండు మూడు రోజుల పులియబెట్టు చాలు, ట్రినిటారియోకు ఐదు నుంచి ఏడు రోజులు కావాలి. రెండూ ఒకే పెట్టెలో కలిపితే ఒకటి కుళ్లుతుంది, ఇంకొకటి పచ్చిగా మిగులుతుంది. గొప్ప విత్తనం నాటి గింజలన్నీ కలగలిపి పోసే రైతు కంటే, మామూలు విత్తనంతో శ్రద్ధగా పనిచేసే రైతు గింజే నయం.

అపోహ: చెట్టు నిండా పూత ఉంటే కాయ విరగకాస్తుంది. రాలిన ఆకు ఊడ్చేస్తే తోట ఆరోగ్యంగా ఉంటుంది.

కోకో పూత కాండం మీదా, లావు కొమ్మల మీదా వస్తుంది. వంద పూలలో కాయకట్టేవి మహా అయితే ఐదు. పరాగ సంపర్కం చేసేది తేనెటీగ కాదు, సూదిమొన అంత చిన్న ఈగ. అది పెరిగేది కుళ్లుతున్న ఆకుల్లో, నరికి పడేసిన అరటి బోదెల్లో. నేల అద్దంలా ఊడ్చిన తోటలో పూత ఉంటుంది, పిందె ఉండదు. అరటి బోదెను జానెడు ముక్కలుగా కోసి, చెట్ల మధ్య కుప్పలుగా వేస్తే ఈగలు పెరుగుతాయి. ఇక పిందెలు నల్లబడి ఎండిపోతే తెగులని మందు కొట్టకండి. మోయలేనివాటిని చెట్టే వదిలించుకుంటుంది.

నీడ విషయంలోనూ అతి వద్దు. లేత మొక్కకు సగానికి పైగా నీడ కావాలి. ట్రినిడాడ్‌లో అందుకు మొదట అరటి, శాశ్వత నీడకు బాడిద జాతికి చెందిన ఇమోర్టెల్ చెట్టు. చెట్టు పెద్దదై కొమ్మలు కలుసుకున్నాక నీడ తగ్గించకపోతే గాలాడక కాయకుళ్లు తెగులు అందుకుంటుంది. ఆ తెగులు సోకిన కాయను వారానికోసారి కోసి తీసేయాలి. చెట్టుకే వదిలేస్తే ఒక్క కాయ చుట్టుపక్కల అన్నిటినీ పాడుచేస్తుంది.

అపోహ: గాలివానకు పడిపోయిన కోకో చెట్టు పోయినట్టే.

2004 సెప్టెంబరులో ఐవాన్ తుఫాను గ్రెనడాను ఊడ్చేసింది. జాజికాయ తోటలు కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది, కోకో అంతకంటే ముందే లేచింది. ఒరిగిన చెట్టుకు ఒక పక్క వేరు మట్టిలో ఉంటే చాలు, మొదట్లోంచి నిలువు పిలకలు వస్తాయి. వాటిలో నేలకు అతి దగ్గరగా ఉన్న బలమైనదాన్ని ఒక్కదాన్నే ఉంచి మొదట్లో మట్టి ఎగదోయాలి. అది సొంత వేరు పట్టాక పాత కాండాన్ని కోసేయవచ్చు. అన్ని పిలకలూ ఉంచితే పొద పెరుగుతుంది, కాపు మాత్రం ఉండదు.

అపోహ: పులియబెట్టడం అంటే గింజల్ని మూటగట్టి వారం వదిలేయడమే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్న నమ్మకం ఇదే.

కాయ పగలగొడితే సీతాఫలం గుజ్జులాంటి తెల్లటి తీపి గుజ్జులో ముప్పై నలభై గింజలుంటాయి. గింజ కొరికితే చేదు, వగరు. లోపల ఊదా రంగు. అందులో చాక్లెట్ వాసన ఏ మాత్రమూ ఉండదు. ఆ వాసనకు పునాది పడేది పెట్టెలోనే.

మొదటి రెండు రోజులు గాలి అందదు. గుజ్జులోని చక్కెరను ఈస్టులు సారాయిగా మారుస్తాయి, గుజ్జు కరిగి నీరై కిందికి కారిపోతుంది. తర్వాత తిరగేస్తే గాలి తగులుతుంది. అప్పుడు ఇంకో రకం సూక్ష్మజీవులు సారాయిని వెనిగర్ ఆమ్లంగా మారుస్తూ వేడి పుట్టిస్తాయి. కుప్ప మధ్య వేడి 45 నుంచి 50 డిగ్రీలకు చేరాలి. ఆ వేడికీ ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చిపోతుంది, కణాల గోడలు తెగుతాయి, మాంసకృత్తులూ చక్కెరలూ విడిపోయి సువాసనకు ముడిసరుకు సిద్ధమవుతుంది. వగరు తగ్గుతుంది. ఊదా రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇక చేసే పద్ధతి. చెక్క పెట్టె సుమారు మూడడుగుల పొడవూ వెడల్పూ ఉండాలి, అడుగున రసం కారే చిల్లులుండాలి. ఇనుప మేకులు గింజకు తగలకూడదు, తగిలితే నల్లబడతాయి. గింజ లోతు రెండు నుంచి రెండున్నర అడుగులు. అడుగునా, పైనా అరటి ఆకు, దాని మీద గోనె సంచి. 48 గంటలకు మొదటిసారి పక్క పెట్టెలోకి తిరగబోయాలి. అంచుల్లోవి మధ్యకూ, పైవి కిందికీ రావాలి. తర్వాత ఒకటి రెండు రోజులకోసారి. పెట్టెలో పోసిన గింజలన్నీ ఒక్క రోజు పగలగొట్టినవే అయి ఉండాలి. నిన్నటి కుప్ప మీద ఇవాళ్టివి పోస్తే దేనికి ఎన్ని రోజులో తెలియదు.

చిన్న రైతు సాధారణంగా తప్పటడుగు వేసేది పరిమాణం దగ్గరే. పది కిలోల పచ్చిగింజతో వేడి పుట్టదు, పుట్టినా రాత్రికి చల్లారిపోతుంది. యాభై కిలోలకు తగ్గితే ఫలితం మీద నమ్మకం పెట్టుకోవద్దు. గ్రెనడాలో చాలామంది రైతులు పచ్చిగింజనే కోకో సంఘం పులియబెట్టే కేంద్రాలకు ఇచ్చేది అందుకే. గోదావరి జిల్లాల్లో కొబ్బరిలో అంతరపంటగా కోకో వేసే రైతులకూ ఈ లెక్క వర్తిస్తుంది: ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజు కాయ పగలగొట్టడం మేలు.

అయిందో లేదో ముక్కుకు తెలుస్తుంది. మొదట సారాయి వాసన, తర్వాత ముక్కు పుటాలు అదిరే వెనిగర్ వాసన, ఆపై అది మెత్తబడుతుంది. అక్కడ ఆపాలి. అమోనియా వాసనో, కుళ్లు మాంసం వాసనో వస్తే గడువు దాటినట్టే. చివరి పరీక్ష మాత్రం ఎండిన గింజను నిలువుగా కోయడం. లోపల గోధుమ రంగు, మెదడులాంటి ముడతలు, వాటి మధ్య సందులు కనబడితే మంచిది. బిగుసుకుని పలకలా బూడిద రంగులో ఉంటే అది అసలు పులియలేదు. అంతర్జాతీయ మొదటి శ్రేణిలో అలాంటివి నూటికి మూడు మించకూడదు, బూజు పట్టినవీ అంతే.

అపోహ: ఎంత త్వరగా ఎండితే అంత మంచిది.

మొదటి రోజే మండుటెండలో పలచగా పరిస్తే పైపొట్టు బిగుసుకుపోయి, ఆమ్లం లోపలే ఇరుక్కుంటుంది. ఎంత వేయించినా ఆ పులుపు పోదు. తొలిరోజు మందంగా పరిచి తరచూ కలపాలి, తర్వాత పలచన చేయాలి. ఆరు నుంచి పది రోజుల్లో తేమ ఏడు, ఏడున్నర శాతానికి రావాలి. ఎనిమిది దాటితే బూజు, ఆరుకు తగ్గితే గింజ పొడిపొడి. ఈ ద్వీపాల్లో వాన చెప్పి రాదు కాబట్టి ట్రినిడాడ్‌లో ఎండబెట్టే నేల కదలకుండా పైకప్పే పట్టాల మీద జరిగేలా కోకో ఇళ్లు కట్టారు. వాన చినుకు పడగానే పైకప్పును గింజల మీదికి తోసేయడమే. కట్టెల పొగ తగిలేలా ఆరబెట్టిన గింజకు మాత్రం విరుగుడు లేదు. పొగ వాసన కొవ్వులో కలిసిపోయి బిళ్లదాకా వస్తుంది.

అపోహ: కాళ్లతో తొక్కిన గింజలు అపరిశుభ్రం.

పర్యాటకుల వీడియోలు చూసి అనే మాట. కొద్దిగా నీళ్లు చల్లి కాళ్లతో తొక్కితే గింజకు అంటుకున్న గుజ్జు పొర, బూజు వదిలి మెరుపు వస్తుంది. ట్రినిడాడ్‌లో దీన్ని కోకో నాట్యం అంటారు. కాలు తగిలేది పొట్టుకు. ఆ పొట్టు వేయించాక చెరిగి పారేస్తాం. కడిగిన కాలి కంటే గోదాములో కోళ్లూ ఎలుకలూ తిరగడమే అసలు ప్రమాదం, దాని మీద వీడియోలు రావు.

అపోహ: వేయించని పచ్చి కోకోయే ఆరోగ్యం.

పులిసేటప్పుడే 45 డిగ్రీలు దాటి కాగిన గింజను పచ్చిది అనడమే తప్పు. పైగా ఆరుబయట ఎండిన గింజ మీద సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉండే వీలుంది. 120 నుంచి 140 డిగ్రీల దగ్గర ఇరవై, ముప్పై నిమిషాలు వేయించడం రుచికే కాదు, రక్షణకూ.

అపోహ: చాక్లెట్ చేయాలంటే యూరప్ యంత్రాలూ, చల్లటి దేశమూ ఉండాలి.

గ్రెనడాలోని హెర్మిటేజ్‌లో 1999లో మాట్ గ్రీన్, మిత్రులతో కలిసి మొదలుపెట్టిన చిన్న కంపెనీ సౌర విద్యుత్తుతో తోట పక్కనే బిళ్లలు చేసి చూపించింది. యంత్రాల సంగతికొస్తే, ప్రపంచమంతటా చిన్న చాక్లెట్ తయారీదారుల్లో చాలామంది వాడేది కోయంబత్తూరు తరహా వెట్ గ్రైండర్ సూత్రాన్నే. అలాగని ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బేదాన్ని రెండు రోజులు ఆపకుండా తిప్పితే మోటారు కాలిపోతుంది. చాక్లెట్ కోసం చేసిన గ్రైండర్లకు మోటారూ, బెల్టూ వేరు. రాళ్లనూ పప్పునూ (వేయించి పొట్టు తీసిన కోకో గింజ) ముందే వెచ్చబెట్టి, పప్పును గుప్పెడు గుప్పెడుగా వేయాలి. అది జారుగా అయ్యాకే చక్కెర. రేణువు ఇరవై మైక్రాన్ల దగ్గరికి వస్తే నాలుకకు గరుకు తగలదు. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎక్కువ తిప్పితే ఎక్కువ నాణ్యం అనుకోవద్దు, ఆమ్లంతోపాటు వాసనా ఎగిరిపోతుంది. ఒక్క చెంచా నీళ్లు పడినా ముద్ద గడ్డకడుతుంది. తేమ ఉన్న బెల్లం వేసి పాడుచేసుకునేవాళ్లు చాలామంది.

వేడి ద్వీపంలో నిజంగా కష్టమైన పని టెంపరింగ్, అంటే చాక్లెట్ సరిగ్గా గడ్డకట్టేలా లెక్కప్రకారం వేడి చేసి చల్లార్చడం. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, మనకు కావలసింది అందులో ఒకటే. డార్క్ చాక్లెట్‌ను 45–50 డిగ్రీలకు కరిగించి, కలుపుతూ 27–28కి చల్లార్చి, మళ్లీ 31–32కి తేవాలి. అచ్చులో పోసే గది 20–22 డిగ్రీల్లో పొడిగా ఉండాలి. ఒక్క గదికి ఏసీ పెడితే చాలు.

అపోహ: బిళ్ల మీద తెల్లమచ్చలొస్తే బూజు.

వేలితో రుద్దండి. కరిగి మాయమైతే అది పైకి తేలిన కొవ్వు: టెంపరింగ్ తప్పింది, లేదా ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టింది. గరుకుగా తగిలితే ఫ్రిజ్ చెమ్మకు కరిగి పేరుకున్న చక్కెర. రెండూ తినొచ్చు.

అపోహ: డెబ్బై శాతం అని రాసినవన్నీ ఒకే గాఢత.

ఆ అంకెలో కోకో పప్పుతోపాటు విడిగా కలిపిన కోకో వెన్న కూడా ఉంటుంది. డెబ్బైకి డెబ్బై పప్పే వేసినదీ, అరవై పప్పుకు పది వెన్న కలిపినదీ ఒకే అట్ట మీద ఒకేలా కనిపిస్తాయి. ఇరవై, పాతిక కాయలకు ఒక కిలో ఎండుగింజ. పొట్టు పోను మిగిలిన పప్పుతో డెబ్బై శాతం బిళ్లలు చేస్తే, కాయకు సుమారు యాభై గ్రాముల బిళ్ల ఒకటి వస్తుంది. ధర చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

అపోహ: సేంద్రియ కోకోలో కాడ్మియం ఉండదు.

కాడ్మియం అనే హానికర లోహం మట్టిలో సహజంగానే ఉంటుంది, కొన్ని ఫాస్ఫేట్ ఎరువులతోనూ చేరుతుంది. ట్రినిడాడ్‌లో కొన్ని ప్రాంతాల గింజకు ఇది నిజమైన సమస్య. యాభై శాతం, అంతకు మించి కోకో ఉన్న చాక్లెట్‌కు యూరోపియన్ యూనియన్ 2019 నుంచి కిలోకు 0.80 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. మట్టి పుల్లగా ఉంటే చెట్టు ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి మట్టి పరీక్ష చేయించి సున్నం వేయడం మొదటి పని. సేంద్రియ ముద్ర ఈ పరీక్షకు బదులు కాదు.

అపోహ: కోకో టీ మీద నూనె తేలితే పాతబడిందని.

గ్రెనడా ఇళ్లలో పొద్దున్నే తాగేది కోకో పొడితో కాదు, వేయించిన పప్పును నూరి మసాలాతో కట్టిన ఉండతో. వెన్న తీయని పప్పు కాబట్టి కొవ్వు తేలడమే సరైన గుర్తు. రెండు కప్పుల నీళ్లలో దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు వేసి మరిగించి, రెండు చెంచాల కోకో ఉండ తురుము కలిపి పది నిమిషాలు సన్న మంట మీద ఉంచాలి. తర్వాత పాలు, చక్కెర, చిటికెడు జాజికాయ పొడి. పాలు ముందే పోస్తే తురుము సరిగా ఉడక్క అడుగున పలుకులు పలుకులుగా మిగులుతుంది. వడగట్టి తాగేయడమే.