విరాళాల కార్యక్రమానికి వెళ్తున్నారా? రసీదుల టేబుల్ దగ్గర వినే అపోహలు, అసలు వాస్తవాలు

పగలు తిరుపతిలో ఒక ఆడిటర్ ఆఫీసులో ట్రస్టుల లెక్కలు రాస్తాను. ఎల్‌జీబీటీ వాళ్ల (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) కోసం ఎవరైనా విరాళాల కార్యక్రమం పెడితే సాయంత్రం గుమ్మం పక్కన టేబుల్ నాది. రసీదు పుస్తకం, క్యూఆర్ కోడ్ అట్ట, చిల్లర డబ్బా. హాలు చిన్నదే, పాటలు, భోజనం. ఆ టేబుల్ దగ్గర పదే పదే వినే మాటలివి.

అపోహ: వెళ్తే మనల్ని కూడా ‘వాళ్లలో ఒకరు’ అనుకుంటారు.

లెక్చరర్లు వస్తారు, బ్యాంకు ఉద్యోగులు వస్తారు, బిడ్డ కోసం మొహమాటంగా వచ్చి చివరి వరుసలో కూర్చునే అమ్మానాన్నలూ వస్తారు. ఎవరు ఏమిటని గుమ్మంలో ఎవరూ అడగరు. అసలు భయపడాల్సింది మీ గురించి కాదు, మీ చేతిలోని ఫోన్ గురించి.

ఒకసారి ఒకాయన మంచి మనసుతోనే హాలంతా కనపడేలా సెల్ఫీ తీసుకొని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. వెనకాల వాటర్ క్యాన్ దగ్గర గ్లాసు పట్టుకొని నిలబడ్డ ఇంజినీరింగ్ కుర్రాడు అందులో పడ్డాడు. చిత్తూరులో ఉన్న వాడి మేనమామ ఆ స్టేటస్ చూశాడు. మర్నాడు ఆ పిల్లాడు నా దగ్గరికి వచ్చి ‘అక్కా, ఆ ఫొటో తీయించెయ్యరా?’ అని అడిగాడు. తీయించాం. అప్పటికే చూడాల్సినవాళ్లంతా చూసేశారు. అప్పటి నుంచి బ్యాడ్జీకి రెండు రంగుల తాళ్లు పెట్టాం. మెళ్లో ఎర్ర తాడు ఉన్నవాళ్లు ఏ ఫొటోలోనూ పడకూడదు.

అపోహ: ఇది చట్టవిరుద్ధం, పోలీసులు వస్తారు.

స్వలింగ సంబంధాలను నేరమనే 377 సెక్షన్, ఇష్టపడి కలిసి ఉండే మేజర్ల మీద వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. అంతకు ముందు కూడా విరాళం ఇవ్వడం నేరమేమీ కాదు. పోలీసులంటారా, రాత్రి పది దాటాక మైకు మోగితే వస్తారు.

అపోహ: టికెట్ డబ్బంతా పన్నులో తగ్గుతుంది.

నా ఓపికకు అసలు పరీక్ష ఇది. టికెట్ అంటే కొనుగోలు. వెయ్యి పెట్టి కొన్నారనుకోండి, అందులో మీరు తిన్న భోజనం, విన్న పాట ఉన్నాయి. బదులుగా ఏమీ తీసుకోకుండా ఇచ్చిందే విరాళం. అందుకే టికెట్ వేరు, విరాళం రసీదు వేరుగా ఇవ్వమని నిర్వాహకులతో పోరుతుంటాను.

ఇక విరాళాలకు ఆదాయపు పన్నులో ఉండే మినహాయింపు, అందరూ 80జి అనేది. మామూలు ట్రస్టుకు ఇస్తే ఇచ్చిన దాంట్లో సగానికే వస్తుంది, దానికీ మీ ఆదాయంలో 10 శాతం అనే పరిమితి ఉంది. నగదు 2,000 రూపాయలు దాటితే అసలు రాదు. బియ్యం బస్తా, పాత ల్యాప్‌టాప్ ఇస్తే పుణ్యం వస్తుంది, మినహాయింపు రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ లెక్కంతా మర్చిపోండి. ఆ ట్రస్టుకు 80జి అనుమతి ఉందో లేదో ముందే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరైనా చిన్నబుచ్చుకుంటే ఆ ట్రస్టు మీద నాకు అనుమానమే.

అపోహ: అమెరికాలో ఉన్న మా అన్న ఫోన్‌పే చేస్తే సరిపోతుంది.

అన్న పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇండియాదే అయితే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, అది విదేశీ విరాళం. విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు చూపించినా అంతే. తిరుమల దర్శనానికి వచ్చి, కొండ దిగి, మా హాల్లో రూపాయల్లో ఇచ్చినా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్‌గానీ ముందస్తు అనుమతిగానీ లేని ట్రస్టు అది తీసుకోకూడదు. ఉన్న ట్రస్టు కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. ఐదు వేలు వద్దని వెనక్కి ఇచ్చినప్పుడు ‘మా డబ్బు చేదా?’ అని ఒక పెద్దాయన కోప్పడ్డాడు. చేదు కాదు సామీ, ట్రస్టు మూతపడుతుంది.

అపోహ: వాళ్లకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది కదా.

ట్రాన్స్‌జెండర్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 ఉంది, నిజమే. కానీ ఎల్‌జీబీటీ అంటే హిజ్రాలు మాత్రమే కాదు. ఇంట్లోంచి గెంటేసిన గే కుర్రాడికి, బలవంతపు పెళ్లి తప్పించుకొని బస్సెక్కిన అమ్మాయికి ఆ పింఛను వర్తించదు. వాళ్లకు ఆ రాత్రి కావాల్సింది హాస్టల్ అడ్వాన్సు. దాతలేమో కుట్టు మిషన్లే కొనిస్తామంటారు. కుట్టు రాని ముగ్గురికి మిషన్లు వచ్చాయి ఒక ఏడాది. వాటి మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు.

అపోహ: స్టేజీ మీద కష్టాలు చెప్పిస్తేనే జేబులోంచి డబ్బు తీస్తారు.

తీస్తారు, ఒక్కసారి. మరుసటి ఏడాది ఇంకా పెద్ద కష్టం కావాలంటారు. ఎవరి డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఒక కాగితం మీద చూపించిన చోటికి మాత్రం మళ్లీ వస్తారు. ఇంకో మాట. సౌండ్ వాడికి, క్యాటరింగ్‌కు డబ్బులిచ్చి, డాన్స్ చేసిన ట్రాన్స్ అమ్మాయికి శాలువా కప్పి పంపేస్తారు. శాలువాతో ఇంటి అద్దె కట్టలేరు.

మైకు పట్టుకున్నాయన ‘మన గంగజాతరలో మగవాళ్లు చీర కట్టట్లేదా, ఇదీ అంతే’ అనడం కూడా మామూలే. అంతే కాదు. జాతరలో వేసేది మొక్కు వేషం. మొక్కు తీరాక తీసేసి అంగడికి పోతాడు. ఇక్కడున్నవాళ్లు వేషంలో లేరు.

మొన్నటి కార్యక్రమంలో నా పక్క కుర్చీలో ఒక ట్రాన్స్ అక్క రసీదులు రాస్తోంది. ఒక వ్యాపారి ఐదు వందలిచ్చి, తల వంచి, ‘దీవించి ఒక రూపాయి బిళ్ల ఇవ్వమ్మా, గల్లాపెట్టెలో పెట్టుకుంటా’ అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది:

‘పాన్ నంబర్ చెప్పండి సార్.’