తూర్పు కనుమల బురదకు తట్టుకునే బాటమ్ బ్రాకెట్

మహేంద్రగిరి పాదాల నుంచి గుణుపురం, రాయగడల మీదుగా కోరాపుట్ పీఠభూమి దాకా సాగే ఒడిశా సరిహద్దు కొండదారుల్లో వానాకాలం మౌంటెన్ బైకు తొక్కేవారికి ముందుగా అరిగిపోయే భాగాల్లో బాటమ్ బ్రాకెట్ ఒకటి. రెండు క్రాంకులను (పెడళ్లు బిగించే చేతులను) కలిపే ఇరుసు ఫ్రేము అడుగున ఏ బేరింగుల మీద తిరుగుతుందో ఆ అమరికే ఇది. సైకిలు షాపుల్లో బీబీ అంటే చాలు. ముందు చక్రం ఎగజిమ్మే బురద నేరుగా దీనికే తగులుతుంది, గెడ్డ కాస్త లోతుగా ఉంటే మునిగేదీ ఇదే.

ఏ బీబీ కొనాలో తేల్చుకునే ముందు ఇక్కడి బురద ఎలాంటిదో తెలియాలి. ఈ కొండల్లో విస్తారంగా కనిపించే శిల ఖోండలైట్. దానిలో పలుగురాయి, ఫెల్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ వంటి ఖనిజాలుంటాయి. తరతరాల వానలకు ఈ శిల శిథిలమైనప్పుడు ఫెల్‌స్పార్ మెత్తని బంకమట్టిగా మారుతుంది గాని, పలుగురాయి, గార్నెట్ రేణువులు మాత్రం గట్టిగానే మిగిలిపోతాయి. మోస్ కొలమానంలో బంకమట్టి కాఠిన్యం 2 నుంచి 2.5 దాకా ఉంటే, పలుగురాయిది 7, గార్నెట్‌ది 6.5 నుంచి 7.5. కాఠిన్యానికి మరో కొలమానమైన విక్కర్స్ కొలతలో బేరింగు ఉక్కు 700–800 మధ్య ఉంటుంది, పలుగురాయి 1,000 దాటుతుంది. అంటే చేతికి వెన్నలా తగిలే ఎర్రబురదలో ఉక్కును గీయగల రాతిపొడి దాగి ఉంటుంది. వడ్రంగులు వాడే ఉప్పు కాగితాల్లో కొన్నిటికి అతికించేది ఈ గార్నెట్ పొడినే.

బేరింగు పాడైతే చాలామంది నీటిని నిందిస్తారు. నీరు గ్రీజును పలచన చేసి తుప్పు పట్టిస్తుందన్నది నిజమే గాని, దానితోపాటు లోపలికి చేరిన ఒక్క పలుగు రేణువు బాల్సు కింద నలిగి అవి దొర్లే గాడిలో గుంట పెడుతుంది. ఆ గుంట అంచులు రాలి, ఆ ఉక్కు రజను కూడా గ్రీజులో కలిసి అరుగుదలను పెంచుతుంది. బురదనీరు లోపలికి పోయే తీరు కూడా గమనించదగ్గది. ఎండలో కొండెక్కి 45 డిగ్రీలకు వేడెక్కిన బేరింగు 25 డిగ్రీల గెడ్డ నీటిలో దిగితే లోపలి గాలి పీడనం సుమారు 6 శాతం పడిపోతుంది, ఆ లోటును పూడ్చుకోవడానికి బేరింగును మూసే సీలు అంచున ఉన్న నీటినే లోనికి లాగుతుంది. లోపల గాలికి చోటు లేకుండా గ్రీజు నిండి ఉంటే ఈ లాగుడు దాదాపు ఉండదు.

సైకిలుకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వేల చుట్లు తిరిగే మోటారు బేరింగులో గ్రీజు ఎక్కువైతే వేడెక్కుతుంది కనుక ఖాళీలో సుమారు మూడో వంతే నింపుతారు. పెడళ్లు నిమిషానికి 60 నుంచి 90 చుట్లకు మించి తిరగడం అరుదు కాబట్టి, సన్నని బ్లేడుతో సీలును జాగ్రత్తగా లేపి, నీటికి కొట్టుకుపోని కాల్షియం సల్ఫొనేట్ గ్రీజును నిండుగా కూరినా నష్టం లేదు. బిగుతుగా ఒరుసుకునే రబ్బరు సీళ్ల రాపిడి కూడా ఈ వేగంలో కాలికి తెలియదు. అందుకే కొనేటప్పుడు బేరింగు నంబరు చివర చూడాలి: 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీళ్లున్నట్టు, జడ్‌జడ్ అని ఉంటే రేకు మూతలే. రేకు మూతలవి ఈ దారులకు పనికిరావు. సెరామిక్ బేరింగుల మీద డబ్బు పోయడం నా దృష్టిలో దండగే. బాల్సు తుప్పు పట్టకపోయినా అవి దొర్లే గాడి సాధారణంగా ఉక్కుదే.

ఇక రకాల విషయం. చదరపు ఇరుసూ బేరింగులూ ఒకే మూసిన ముక్కగా వచ్చే కార్ట్రిడ్జ్ బీబీని పాతదని చిన్నచూపు చూస్తారు గాని, బేరింగులు ఫ్రేము గొట్టం లోపలే ఉండడం వల్ల బురదకు అదే గట్టి జవాబు. అరిగాక మొత్తంగా మార్చేయడమే. షిమానో హాలోటెక్ 2 వంటి 24 మి.మీ. ఇరుసు అమరికలో బేరింగులు గొట్టం బయటికి వచ్చాయి కనుక బురదకు దగ్గరయ్యాయి, అయినా బేరింగులను పట్టుకునే కప్పులు మరల మీద బిగుస్తాయి, విప్పి మార్చడం తేలిక. మరలు లేకుండా గొట్టంలోకి ఒత్తి కూర్చోబెట్టే ప్రెస్‌ఫిట్ దగ్గరే నాకు అభ్యంతరం. ఆ రకంలో ఒకటైన బీబీ92 గొట్టం లోపలి వ్యాసం 41 మి.మీ.; అందులో 30 మి.మీ. ఇరుసు పెడితే కప్పుకూ, గాడులకూ, బాల్సుకూ కలిపి ఒక్కో పక్క మిగిలేది 5.5 మి.మీ. మాత్రమే. బాల్సు చిన్నవవుతాయి, గ్రీజుకు చోటు తగ్గుతుంది, సీలు సన్నబడుతుంది. అదే గొట్టంలో 24 మి.మీ. ఇరుసైతే 8.5 మి.మీ. దొరుకుతుంది. ఫ్రేమును ఎంచుకునే అవకాశముంటే మరలున్న గొట్టం ఉన్నదే తీసుకోవాలి.

బిగింపు సరిగా లేకపోతే ఎంత మంచి బీబీ అయినా నిలవదు. గొట్టం రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే బేరింగులు వంకరగా కూర్చుని ఒక పక్కే అరుగుతాయి. బీఎస్‌ఏ అనే ప్రమాణపు మరల్లో చెయిను వైపు కప్పుది ఎడమ మర, గడియారానికి ఎదురు దిక్కున బిగుస్తుంది. ఇది మరిచి బలం ప్రయోగిస్తే ఫ్రేము మరలే చెడతాయి. హాలోటెక్ కప్పులకు 35–50 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి గాని, క్రాంకు చివరి ప్లాస్టిక్ మూతకు 0.7–1.5 చాలు. ఆ మూతను బలంగా తిప్పితే బేరింగు మీద పక్క ఒత్తిడి పడి త్వరగా పోతుంది.

వాటర్ సర్వీసింగ్ గన్నును బీబీ వైపు తిప్పనివ్వకూడదు. ఆ ధార సీలు పెదవిని మడిచి బురదను లోపలికే తోస్తుంది. బకెట్టు నీళ్లు, మెత్తని బ్రష్షు సరిపోతాయి. నీరు సీటు గొట్టం గుండా కూడా బీబీలోకి దిగుతుంది కాబట్టి, పెద్ద వానలో తొక్కి వచ్చిన రోజున సీటు పోస్టు తీసి సైకిలును తలకిందులుగా కాసేపు ఉంచాలి.