బండి తిరగకపోయినా బెల్టు ముసలిదవుతుంది

"మొత్తం తిరిగింది 45 వేల కిలోమీటర్లు కూడా లేదు, అప్పుడే టైమింగ్ బెల్టు మార్చడమేంటి?" అన్నాడు మా బావ. ఆయనది 2002 మోడల్, 1.6 లీటర్ల పదహారు వాల్వుల కారు, అప్పట్లో కుర్రకారు కళ్ళప్పగించి చూసిన రకం. ఆయన ఉండేది హైదరాబాద్‌లో, బండి ఉండేది ఆమదాలవలసలో కవరు కింద. సంక్రాంతికోసారి, దసరాకోసారి బయటికొస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందైతే అది" అని ఉంటుంది, మనం మొదటి సగం చదివి మూసేస్తాం.

ఇంతకీ ఆ బెల్టు పనేంటంటే, ఇంజిన్ అడుగున క్రాంక్‌షాఫ్టు, పైన కామ్‌షాఫ్టులు ఉంటాయి. పిస్టన్లు క్రాంక్‌ని తిప్పుతాయి, సిలిండర్లోకి గాలి వచ్చే, పొగ పోయే తలుపుల్లాంటి వాల్వుల్ని కామ్ తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ కచ్చితంగా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది పళ్ళున్న ఆ రబ్బరు బెల్టే. 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకి 100 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచడం మా అమ్మమ్మగారి ఊళ్ళో చూశాను. ఒకటి లేస్తుంటే ఇంకోటి పడుతుంది, పాట తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. చాలా ఇంజిన్లలో పిస్టను, వాల్వు కూడా ఇలాగే ఒకే జాగాని వంతులేసుకుని వాడుకుంటాయి. బెల్టు తెగిందంటే కామ్ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరిచే ఉండిపోతాయి, క్రాంక్ మాత్రం ఆ ఊపులో ఇంకా తిరుగుతుంటుంది. పిస్టను వచ్చి గుద్దితే వాల్వులు వంగుతాయి, ఇక వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దించాల్సిందే. పోర్షా 944 ఈ జాతిదే. 1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 తొలి 1.6 ఇంజిన్‌లో ఆ భయం లేదు, బెల్టు తెగితే బండి ఆగిపోతుందంతే.

ఈ బెల్టు కార్లలోకి వచ్చింది 1960ల్లో. 1962లో జర్మనీ వాళ్ళ గ్లాస్ 1004, 1966లో ఫియట్ 124 స్పోర్ట్.  ఇదే పనికి వాడే గొలుసు కంటే తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు. కాకపోతే రబ్బరు కదా! అల్మరాలో పదేళ్ళు పడున్న రబ్బరు బ్యాండుని నోట్ల కట్టకి వేయబోతే పుటుక్కుమంటుంది. దాన్ని ఎవరూ వాడలేదు, అయినా గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి రబ్బరు అణువుల గొలుసుల్ని కొన్నిచోట్ల తెంచి, కొన్నిచోట్ల అతిగా ముడివేసి గట్టిపరిచేస్తాయి. బెల్టుకి వాడే రబ్బరు చాలా మేలు రకం, లోపల గాజు పీచు తాళ్ళు కూడా ఉంటాయి. అదీ ముసలిదవుతుంది, కాస్త ఆలస్యంగా.

శ్రీకాకుళం వెళ్ళే రోడ్డు పక్క షెడ్డులో విప్పించాం. బెల్టు పైకి నల్లగా నిగనిగలాడుతోంది. మేస్త్రి దాన్ని వెనక్కి వంచి చూపించాడు, ప్రతి పంటి మొదట్లోనూ వెంట్రుకంత పగులు. తర్వాత బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చక్రాన్ని వేలితో తిప్పాడు, గరగరమంది. కొత్తదాన్ని తిప్పితే లోపలి గ్రీజు పట్టుకి చప్పుడు లేకుండా నెమ్మదిగా ఆగింది. బావ మాత్రం ఇంకా బెల్టు ఒక్కటే మారిస్తే ఎంతవుతుందని బేరం దగ్గరే ఉన్నాడు.

"బెల్టొక్కటే మార్సీసి బేరింగు ఒగ్గేస్తే, పాత గిలకకి కొత్త తాడేసినట్టుంటాది బాబూ," అన్నాడు మేస్త్రి.

నాకూ అదే సబబనిపించింది. టెన్షనర్ బేరింగు బిగుసుకుపోతే కొత్త బెల్టునీ తినేస్తుంది. వాటర్ పంపుని తిప్పేదీ ఈ బెల్టే, రేపు అది కారితే మళ్ళీ ఇదంతా విప్పాలి. ఆయిల్ సీళ్ళు కారినా నూనె పడి రబ్బరు ఉబ్బుతుంది. సామాను కంటే విప్పే కూలే ఎక్కువయ్యే పని ఇది, అన్నీ ఒకేసారి మార్చడమే చవక.

విప్పేముందే మేస్త్రి క్రాంక్ గుర్తుకీ, కామ్ గుర్తులకీ వైట్‌నర్‌తో చుక్కలు పెట్టుకున్నాడు. స్పార్క్ ప్లగ్గులు తీసేశాడు, అవి ఉంటే సిలిండర్లో గాలి నొక్కుకుపోయి చేత్తో తిప్పనివ్వదు. కొత్త బెల్టేసి, టెన్షనర్ బిగించి, స్టార్టర్ జోలికి పోకుండా పానాతోనే మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. ఒక గుర్తు ఒక్క పన్ను పక్కకి పోయింది. ఒక్క పన్నే కదా అనిపిస్తుంది, కానీ క్రాంక్ చక్రానికి 20 పళ్ళుంటే అది 18 డిగ్రీల తేడా.

అరసవిల్లి దర్శనానికి టైమైపోతోందని గొణుగుతున్న బావ అది చూసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మేస్త్రి మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించాడు. మూడోసారి తిప్పితే చుక్కలన్నీ గుర్తుల ఎదురుగా వచ్చి ఆగాయి. అప్పుడుగానీ ప్లగ్గులు ఎక్కించలేదు.