అరువు వెలుగులో తడి

29 కిలోల ఉపగ్రహంలో రాడార్‌ను ఎలా ఇరికించారని ఒక పాఠకుడు అడిగారు. సైగ్నస్ గురించి చదివారట. ఇరికించలేదండీ, అసలు పెట్టనే లేదు! రాడార్‌లో కరెంటు లాగేదీ, వేడెక్కేదీ తరంగాలను పంపే భాగం. 2016 డిసెంబరులో నాసా పంపిన ఈ ఎనిమిది బుల్లి ఉపగ్రహాల్లో ఆ భాగం లేదు, చెవి మాత్రమే ఉంది. పలికేది జీపీఎస్. ఫోనుకు దారి చెప్పడానికి ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి రాత్రింబవళ్లు కురిసే ఆ సంకేతాలు నేలకో నీటికో తగిలి పైకి లేస్తాయి. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున సైగ్నస్ వాటిని పట్టుకుంటుంది.

కదలని చెరువులో చంద్రుణ్ణి చూడండి. గుండ్రంగా, ఒక్కడే. గాలి వీచిందా, ముక్కలై పొడవాటి వెండి చారగా సాగుతాడు. ప్రతి అలకూ ఒక వాలు ఉంటుంది; ఆ వాలు సరిగ్గా కుదిరిన చోటల్లా వెలుగు మన కంటివైపు తిరుగుతుంది. గాలి హెచ్చితే అలలు నిటారవుతాయి, చార పరుచుకుంటుంది, నడిమి మెరుపు తగ్గుతుంది. అంటే చారను కొలిస్తే గాలిని కొలిచినట్టే. చంద్రుడి చోట జీపీఎస్‌ను, కంటి చోట సైగ్నస్‌ను పెట్టుకోండి. తరంగం పొడవు 19 సెంటీమీటర్లు కాబట్టి తుపాను నడుమ కుండపోత కూడా దానికి అడ్డు కాదు. సైగ్నస్‌ను మొదట పంపింది ఆ తుపాను గాలులను కొలవడానికే.

నేల మీద ఈ పోలిక నాకు ఇంకా నచ్చుతుంది. తరంగాన్ని ఒక పదార్థం ఎంత బలంగా వెనక్కి తిప్పుతుందో చాలావరకు తేల్చే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం; నీటిది సుమారు 80, ఎండిన మట్టిది 3 నుంచి 5. కాబట్టి పొడి నేల మసక అద్దం, తడి నేల తుడిచిన అద్దం. చెట్ల కింద వరద నిలిస్తే కెమెరాకు పచ్చటి పందిరే కనిపిస్తుంది. ఈ తరంగం చాలావరకు ఆకులను దాటి వెళ్లి, నీటిని తాకి, మళ్లీ ఆకులను దాటి వస్తుంది.

అద్దంలో కుడి ఎడమవుతుందని బడిలో ఒక మార్కు ప్రశ్నగా అడిగి వదిలేస్తారు. ఇక్కడ అదే పనికొచ్చింది. జీపీఎస్ తరంగం కుడి మెలి తిరుగుతూ దిగుతుంది, నీటికి తగిలాక చాలావరకు ఎడమ మెలితో లేస్తుంది. అందుకే సైగ్నస్ కిందివైపు యాంటెన్నాలను ఎడమ మెలికి తగ్గట్టు చేశారు.

సంకేతం మాత్రం మహా బలహీనం. ఒక వాటును వంద కోటి కోట్ల భాగాలు చేస్తే నేలకు చేరేది ఇంచుమించు ఒక భాగం. తగిలి లేచేది ఇంకా తక్కువ. అయినా దొరుకుతుంది, ఎందుకంటే పాట ముందే తెలుసు: 1023 అంకెల సంకేతం, ప్రతి మిల్లీసెకనుకూ మళ్లీ మొదలు. దాని నకలును రిసీవర్ కొంచెం కొంచెం జరుపుతూ, డాప్లర్ మార్పును, అంటే ఉపగ్రహాల కదలిక వల్ల తరంగం స్వరంలో వచ్చే తేడాను, సవరిస్తూ పోల్చి చూస్తుంది. ఆలస్యం ఒక అక్షంగా, డాప్లర్ ఇంకో అక్షంగా పటం గీస్తే అల్లకల్లోల సముద్రం గుర్రపు లాడంలా కనిపిస్తుంది, నిశ్చలమైన నీరు ఒకే చుక్కగా.

చిక్కూ ఉంది. ఎగుడుదిగుడు నేల తడిసినా మసకగానే ఉంటుంది. అందుకని సైగ్నస్ లెక్కలను స్మాప్ అనే పెద్ద ఉపగ్రహం కొలిచిన మట్టి తేమతో సరిచూస్తారు. ఆరు మీటర్ల యాంటెన్నాతో 2015 జనవరిలో ఎగిరిన ఆ స్మాప్‌లో సొంత రాడారే ఉండేది. జులైలో దాని గొంతు పోయింది, చెవి మిగిలింది. ఆగస్టులో ఆ చెవిని 1227 మెగాహెర్ట్జ్‌కు, జీపీఎస్ రెండో సంకేతం పలికే చోటికి తిప్పారు.