"అందులో ఏం వండుతారండీ?": వంటపాత్రల గురించి అపోహలు - వాస్తవాలు

పాత్రల దుకాణం మాకు నాన్నగారి నుంచి వచ్చిన పని. దుకాణం వెనుక కళాయి కొలిమి, అంటే గిన్నెల లోపల తగరం పూత పట్టించే కొలిమి కూడా ఉండేది కనుక, పాత్రను అమ్మడం కంటే ముందు పాడైన పాత్రను బాగుచేయడం నేర్చుకున్నాను. కొత్త కాపురానికి గిన్నెలు కొనేవారు మొదలుకొని, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ పెట్టెలో అట్ల పెనం సర్దుకునే పెద్దవారి వరకు అందరూ అడిగేది "ఏ లోహం ఆరోగ్యానికి మంచిది?" అనే. నేను తిరిగి అడిగేది "అందులో ఏం వండుతారండీ?" అని. చారో పులుసో లేనిదే భోజనం పూర్తికాని ఇళ్లు మనవి. అందువల్ల మన పాత్రల మంచిచెడ్డలను తేల్చేవి ముఖ్యంగా రెండే, చింతపండు పులుపూ పొయ్యి మంటా.

అపోహ: ఇత్తడి, రాగి పాత్రల్లో ఏది వండినా మంచిదే. మన పూర్వులు అలాగే వండుకున్నారు.

వాస్తవం: పూర్వులు వండుకున్నది ఇత్తడి మీద కాదు, ఇత్తడికి లోపల పట్టించిన తగరం మీద. రాగి, జింకు కలిస్తే ఇత్తడి అవుతుంది. దానికి పులుపు తగిలినప్పుడు రాగి కరిగి వంటలోకి దిగుతుంది, మన పెద్దవారు "చిలుమెక్కింది" అని పారబోసిన పులుసు అటువంటిదే. అది తింటే వికారం, వాంతులు రావచ్చు. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలు సరిగ్గా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలను అమ్మకపు ఆహారానికి పనికిరానివిగా లెక్కించి, చక్కెర మిఠాయిలు చేసే రాగి పాత్రలకు మాత్రం మినహాయింపు ఇచ్చాయి. పాకంలో పులుపు ఉండదు కదా.

కళాయి వేయడం చూసినవారు ఇప్పుడు తక్కువ. పాత్రను బొగ్గుల కొలిమిపై తిప్పుతూ కాల్చి, లోపల నవాసారం (అమ్మోనియం క్లోరైడ్ అనే లవణం) చల్లగానే ఘాటైన తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగలోనే తగరం కడ్డీని ఒకసారి రాసి, దూది ఉండతో గిర్రున తుడిచేసరికి పసుపుపచ్చని అడుగు వెండిలా తిరుగుతుంది. నాన్నగారు తగరం కొనేముందు కడ్డీని చెవి దగ్గర పెట్టుకొని వంచి చూసేవారు. స్వచ్ఛమైన తగరం వంచినప్పుడు సన్నగా కరకరమంటుంది, కల్తీకి కలిపే సీసం ఆ శబ్దం చేయదు. ఈ పూతకు ఒక బలహీనత ఉంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. అందువల్ల కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకూడదు, తాలింపును విడిగా ఇనుప గరిటెలో వేసి పోసుకోవాలి, లోపలి భాగాన్ని పీచుతో, ఇసుకతో రుద్దకూడదు. చింతపండు, ఉప్పు పెట్టి తోమేది బయటి వైపు మాత్రమే. లోపల ఇత్తడి రంగు తొంగిచూసిన రోజున గిన్నె మళ్లీ కళాయికి వెళ్లాలి. అజ్జరం, బుడితి వంటి ఊళ్ల ఇత్తడి సామాను చూసి ముచ్చటపడి కొనేవారు, అది వంటకు చేసిందో, అలంకరణకు మెరుగు పూసిందో అడిగి తీసుకోవాలి.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది మేలైన స్టీలు.

వాస్తవం: జేబులో అయస్కాంతంతో వచ్చేవారిని చూస్తే నాకు ముచ్చటే, కానీ వారి పరీక్ష తేల్చేది చాలా తక్కువ. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకానికి అయస్కాంతం అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చౌక రకం 202కీ అంటుకోదు. నికెల్ దాదాపు లేని 430 రకానికి గట్టిగా అంటుకుంటుంది, అంతమాత్రాన అది నకిలీ కాదు. ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయడానికి గిన్నె అడుగున కావలసింది అటువంటి స్టీలే. కనుక పాత్ర మీద ముద్రించిన రకం సంఖ్యను, అడుగు మందాన్ని చూసి కొనాలి. స్టీలు కంటే అల్యూమినియం వేడిని పది రెట్లకు పైగా వేగంగా పంచుతుంది, అందుకే మంచి స్టీలు గిన్నెల అడుగున రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పొర పెడతారు. అది లేని పలుచని గిన్నెలో పాయసం నడుమ అడుగంటడానికి కారణం వండేవారి చేతగానితనం కాదు.

స్టీలు గిన్నె లోపల సూదిమొనల్లాంటి తెల్లటి గుంటలు పడ్డాయని తెచ్చేవారు ఎక్కువ. చల్లటి నీళ్లలో ఉప్పు వేస్తే అది అడుగున పేరుకొని స్టీలును తినేస్తుంది. నీళ్లు మరిగిన తరువాత ఉప్పు వేస్తే ఆ బాధ ఉండదు. మంట ఎక్కువైనప్పుడు వచ్చే ఇంద్రధనుస్సు రంగుల మరక హానికరం కాదు, కాస్త వెనిగర్‌తో పోతుంది.

అపోహ: ఇనుప పెనానికి సబ్బు తగిలితే పాడైపోతుంది, తుప్పు పడితే పారేయవలసిందే.

వాస్తవం: పెనం మీద నల్లగా మెరిసేది జిడ్డు కాదు. నూనె పలుచగా కాలి, గట్టిపడి, ఇనుమును పట్టుకున్న పొర అది. పాత్రలు తోమే సబ్బుతో ఒకసారి కడిగినంత మాత్రాన ఊడదు. దాన్ని నిజంగా ఊడదీసేది పులుపు, ఆ తరువాత రాత్రంతా నీళ్లలో నానబెట్టడం. ఇనుప మూకుడులో గోంగూర నల్లబడి, ఇనుము వాసన వేయడం అందరికీ అనుభవమే. పులుపు వంటల్లోకి ఇనుము ఎక్కువగా దిగుతుందన్నది నిజమే, అయితే రక్తహీనతకు వైద్యుడిచ్చే మందు మానేసి మూకుడును నమ్ముకోవడం సరికాదు. తుప్పు పట్టిన పెనాన్ని పీచుతో తెల్లబడేదాకా తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో రుద్దుతూ పొగ వచ్చేవరకు కాల్చాలి. ఇలా నాలుగైదు మార్లు చేస్తే అట్టు మళ్లీ అంచు వదిలి లేస్తుంది.

పోత ఇనుముకు అసలు శత్రువు తుప్పు కాదు, ఉన్నట్టుండి తగిలే చల్లదనం. అట్టుకూ అట్టుకూ మధ్య నాలుగు చుక్కలు చిలకరిస్తే ఏమీ కాదు, కానీ కాలిన పెనాన్ని కుళాయి కింద పెట్టకూడదు. ఇంత తెలిసిన నేనే ఒక పండుగనాటి తొందరలో చెంబుడు నీళ్లు కుమ్మరించి, మా అమ్మగారి పెనాన్ని టప్పున రెండు చెక్కలు చేశాను. పోత ఇనుమును మామూలుగా అతికించి వాడుకోలేము.

అపోహ: అల్యూమినియం గిన్నెల్లో వండితే మతిమరుపు జబ్బు వస్తుంది.

వాస్తవం: కొన్ని చోట్ల సిల్వరు అనీ, కొన్ని చోట్ల సత్తు అనీ పిలిచే ఈ గిన్నెలకూ ఆ జబ్బుకూ సంబంధం ఉన్నదని పరిశోధనల్లో రుజువు కాలేదు. అయితే పులుపు, ఉప్పు కలిసి ఈ లోహాన్ని కరిగిస్తాయి. కనుక అన్నం వండుకోవచ్చు, పాలు కాచుకోవచ్చు, చారు, టమాటా కూర, ఊరగాయ మాత్రం అందులో నిలువ ఉంచకూడదు. వంటసోడా కూడా దీనికి పడదు. కుక్కర్ అడుగు నల్లబడటానికి కారణం సాధారణంగా నీటిలోని లవణాలే. గిన్నెల కింద పోసే నీళ్లలో పిండేసిన నిమ్మచెక్క వేస్తే ఆ నలుపు రాదు.

అపోహ: నాన్‌స్టిక్ పెనం మీద గీత పడితే కేన్సర్ వస్తుంది.

వాస్తవం: ఊడిన పెచ్చు పొరపాటున కడుపులోకి వెళ్లినా జీర్ణం కాకుండా బయటికి పోతుంది. భయపడవలసింది గీతకు కాదు, వేడికి. నాన్‌స్టిక్ పెనాలకు వేసే టెఫ్లాన్ పూత సుమారు 260 డిగ్రీలు దాటినప్పటి నుంచి చెడిపోవడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే ఆ వేడికి చేరుతుంది. అప్పుడు వచ్చే పొగ మనుషులకు జ్వరంలాంటి బాధ కలిగిస్తుంది, పంజరంలోని లవ్ బర్డ్స్‌ను చంపేయగలదు. జనం భయానికి మూలమైన పీఎఫ్ఓఏ అనే రసాయనం ఆ పూత తయారీలో వాడినది. అది 2019లో, ప్రమాదకర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేరింది. పెచ్చులు లేచిన పెనానికి అట్టు ఎలాగూ అంటుకుంటుంది కనుక మార్చేయడమే మేలు.

అపోహ: మట్టి కుండ, రాచ్చిప్ప (రాతితో తొలిచిన గిన్నె) చూడటానికే, రోజూ వాడలేము.

వాస్తవం: వాడవచ్చు, ఓపికగా అలవాటు చేసుకోవాలి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నాననివ్వాలి. మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి కనుక సబ్బును పీల్చుకుంటుంది, శనగపిండితో తోముకోవాలి. లోపల మెరుగు పూత ఉన్న కుండల్లో సీసం ఉండే అవకాశం ఉంది, వంటకు పూత లేనిదే తీసుకోండి. రాచ్చిప్పకు నూనె, పసుపు పట్టించి, కొన్నాళ్లు గంజి కాచి, ఎప్పుడూ సన్నసెగ మీదే మొదలుపెట్టాలి. పొయ్యి ఆపిన తరువాత కూడా చాలాసేపు అందులో పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. మర్నాటికి మిగిలినా దాన్ని వేరే గిన్నెలోకి తీయనక్కరలేదు.